కాచిన నీళ్ళు

పోలయ్య కావిడి దించకముందే ఆదిలక్ష్మి బిందెలోకి తొంగి చూసింది.

"ఎక్కడ ముంచావు పోలయ్యా?"

"చాకిరేవుకి ఎగువనేనండి. రోజూ అక్కడేనండి."

"మరి ఇంత ఎర్రగా ఉన్నాయేం?"

"కాలవకి కొత్తనీరు వదిలారు కదండీ. రంగు నేను కలపలేదండి అమ్మగారూ."

మామూలు రోజైతే ఆ మాటకి నవ్వేదే. ఇవాళ నవ్వు రాలేదు. వెనక గదిలో కుసుమ మూలుగుతోంది.

కుసుమ ప్రసాదరావు పెద్దకూతురు. టైఫాయిడ్. జ్వరం పొద్దున తగ్గినట్టే తగ్గి, దీపాలు పెట్టేవేళకి మళ్ళీ ఎక్కుతోంది. చిన్నది చిట్టి ఇంకా గంతులేస్తూనే ఉంది. దాని జోలికి ఆ జ్వరం రాకుండా కాపాడుకోవాలి. ఆదిలక్ష్మికి ఇప్పుడు వేరే ఆలోచన లేదు.

ఆవిడ ప్రసాదరావుకి దొడ్డమ్మ. చిన్నవయసులో ముదినేపల్లిలో భర్తనీ, ఒక్కగానొక్క కూతుర్నీ ఈ జ్వరానికే పోగొట్టుకుంది. తనకి మాత్రం నాలుగు రోజులు ఒళ్ళు వెచ్చబడి ఊరుకుంది. అప్పటినుంచి తనదంటూ ఇల్లు లేదు. సాయం కావాలని ఏ చుట్టం కబురు పంపినా మూట కట్టుకుని వెళ్తుంది. తాడేపల్లిగూడెంలో తమ్ముడింట్లో ఉండగా వాళ్ళ పిల్లలు జ్వరపడితే కంటిమీద కునుకు లేకుండా సేవ చేసింది. ఈ వేసవిలో ప్రసాదరావు భార్య సత్యవేణికి చేతిసాయంగా ఏలూరు వచ్చింది. 'జ్వరమొచ్చిన మంచం పక్కన ఆదిలక్ష్మి ఉండాల్సిందే' అంటారు చుట్టాలు.

కుండ లోపల ఇండుపగింజ అరగదీసి కాలవ నీళ్ళు పోసింది. మన్ను అడుక్కి దిగాక పైతేట వంచి, ఉతికిన పంచెగుడ్డలో వడబోసి, పొట్టుపొయ్యి మీద గుండిగలో తెర్లేదాకా కాచింది. ఇంత చేసినా మనసు కుదుటపడలేదు.

"అమ్మాయ్, పిల్లలకి నూతినీళ్ళేమైనా ఇచ్చావా?"

"లేదండీ అత్తయ్యగారూ. మీరు కాచినవే ఇచ్చాను," అంది సత్యవేణి.

"గ్లాసు దేంతో కడిగావు?"

సత్యవేణి నూతివైపు చూసింది.

"చూశావా? నూతినీళ్ళతో తొలిచిన గ్లాసులో కాచిన నీళ్ళు పోస్తే ఇంక కాచడం ఎందుకు?"

"అంటే, నా పిల్లకి నేనే జ్వరం తెచ్చిపెట్టానంటారా?"

"ఆ మాట నేనన్లేదు."

అనలేదు గానీ, అనుకుంటూనే ఉంది. ఆ పూటనుంచే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. నీళ్ళకుండలో ఇంకెవరూ గ్లాసు ముంచడానికి వీల్లేదు. పాలు తనే కాచి చల్లార్చేది. చిట్టిని ఎదురుగా కూచోబెట్టుకుని, పెరుగన్నం మెత్తగా కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టేది.

"మామ్మా, ముద్ద కూడా కాచావా?" అంది చిట్టి.

"ముందు నీ నాలిక కాచాలే," అంది ఆదిలక్ష్మి.

ఓ ఉదయం ఉండబట్టలేక పోలయ్య వెనకాలే కాలవగట్టు దాకా నడిచింది. వాడు చెప్పినట్టే చాకిరేవు దాటి, ఎగువకి పోయి, మోకాళ్ళ లోతుకి దిగి, మీద నాచు చేత్తో తోసి ముంచాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఆవిడకి నిశ్చింత కలగలేదు. వాడు కాకపోతే మరేమిటి?

ఇంటికొచ్చేసరికి చిట్టి గుమ్మంలో ముడుచుకుని పడుకుని ఉంది. నుదురు పట్టి చూసింది. కాలిపోతోంది.

ప్రసాదరావు పరుగున వెళ్ళి మునిసిపాలిటీ హెల్త్ ఆఫీసరుని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కాలవనీళ్ళు, నూతినీళ్ళు, కుండలో నీళ్ళు విడివిడిగా సీసాల్లో పట్టించాడు. మనుషుల్ని కూడా చూడాలంటూ, చెప్పుకోవడానికి సిగ్గయిన పరీక్షలకి తలా ఒక డబ్బా ఇచ్చాడు.

"నీళ్ళు మోసేవోడికి ఇదెందుకండీ బాబూ?" అన్నాడు పోలయ్య.

"అందరికన్నా నీకే కావాలి. పట్టుకెళ్ళు," అంది ఆదిలక్ష్మి. సత్యవేణి తలెత్తలేకపోతుంటే, "పిల్ల ప్రాణంకన్నా సిగ్గు ఎక్కువా?" అని కసిరి, అందరికన్నా ముందు తన డబ్బా తనే ఇచ్చేసింది.

ఫలితం వచ్చేలోగా ఆవిడ కూర్చున్నచోట కూర్చోలేదు. కుండలు మార్చింది. గుండిగ తోమిందే తోమింది. చిట్టి మంచం దగ్గరికీ వీధిగుమ్మానికీ తిరుగుతూనే ఉంది. కుసుమ లేచి కూర్చుని చారన్నం తింటోంది. చిట్టి మాత్రం కళ్ళు తెరిచినా మనిషిని పోల్చుకోవడం లేదు.

హెల్త్ ఆఫీసరు వచ్చి, ముందు ప్రసాదరావుతో వీధరుగు మీద ఏదో మాట్లాడాడు. తర్వాత ఇద్దరూ లోపలికొచ్చారు. కుర్చీ వేసినా ఆఫీసరు కూర్చోలేదు.

"ఏమైనా తేలిందా అండీ?"

"తేలిందండీ. మీరు కాచిన నీళ్ళకి వంక పెట్టడానికి లేదు. నూతిలోనూ ఏమీ లేదు."

"అయితే మనిషే."

పెరట్లో నిలబడ్డ పోలయ్య వంక చూసింది. తలుపు చాటున ఉన్న సత్యవేణి వంకా చూసింది.

"దొడ్డమ్మా, నువ్వు కాస్త కూర్చో," అన్నాడు ప్రసాదరావు.

"కూర్చోను. మీరు మొహమాటపడకుండా చెప్పండి. ఎవరైనా సరే, ఇవాళే ఈ గుమ్మం దిగాల్సిందే. మళ్ళీ ఈ పిల్లల ఛాయలకి రాకూడదు."

హెల్త్ ఆఫీసరు గొంతు బాగా తగ్గించి, "పైకి జ్వరం లేకుండానే ఆ క్రిమి కొందరి ఒంట్లో ఏళ్ళ తరబడి కాపురముంటుందండీ; ఈ ఇంట్లో అది మీ ఒంట్లో ఉంది," అన్నాడు.