చెరువులో పోయిన బండి

"ఇక్కడే," అని ముసలాయన నీళ్ళలోకి వేలు చూపించాడు.

ఈతగాళ్ళు దూకారు. కాసేపటికి ఓ తుప్పు సైకిలు పట్టుకుని పైకి తేలారు. నిన్న చూపించిన చోట విరిగిన కుర్చీ దొరికింది. మొన్న ఇంకో చోట ఎవరిదో బీరువా తలుపు.

వెతుకుతున్నది యుద్ధం నాటి బండి. నేలమీద లారీలా పరిగెత్తేది, నీళ్ళలో దిగితే ఈదేది. ఓడల్లోంచి సరుకు ఎత్తుకుని, ఆగకుండా ఒడ్డెక్కి పోవడానికి అలాంటివి చేశారట. వంతెనలు కూలినప్పుడు మనుషుల్ని దాటించినవీ అవే. మ్యూజియం ఆఫీసరు ఇదంతా రోజూ పాఠంలా చెప్తాడు. ఒడ్డున దిమ్మె కూడా కట్టించాడు. బండి దొరికితే దానిమీద నిలబెట్టి, ఆ బండిలో పనిచేసి యుద్ధంలో పోయిన ఇద్దరి పేర్లూ రాతిమీద చెక్కిస్తాడు. దొరక్కపోతే దిమ్మె కొట్టేయమని పైవాళ్ళు చెప్పారు.

ఆ ఇద్దరూ ముసలాయన స్నేహితులు. బండి తోలింది ఆయనే. యుద్ధం అయ్యాక వచ్చిన వరదలో జనాన్ని దాటిస్తుంటే అది ఈ చెరువులో పోయిందట. అప్పట్నించీ ఇక్కడే పడవ నడుపుకుంటున్నాడు. వెతకడానికి ఆఫీసరు మాట్లాడుకున్నదీ ఆ పడవే.

మామగారు ఎండకి కళ్ళు తిరిగి పడతాడేమోనని చెప్పి ముసలాయన కోడలు కూడా రోజూ పడవ ఎక్కుతోంది, పిల్లని చంకనేసుకుని. ఆమెకన్నీ భయాలే. ఈతగాడు మునిగితే భయం, తేలితే భయం. ఆఫీసరు అంచు మీదికి వంగితే మరీ భయం. పిల్ల గోటితో పడవ రంగు గీకుతుంటే చేతిమీద ఒక్కటిచ్చింది.

పసిదాన్ని కొడతావేంటమ్మా, రంగే కదా అన్నాడు ఆఫీసరు.

గోళ్ళలోకి పోతుంది సార్ అని ఆమె పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

ఆఫీసరు పడవ బల్లమీద చతికిలబడి, ఆ ముగ్గురూ బండి పక్కన నిలబడ్డ పాత ఫోటో జేబులోంచి తీశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ బండ్లనే చదువుతున్నాడట. మేకు ఒక్కటి కంటబడినా చాలట, గుర్తుపట్టేస్తాడట.

ముసలాయన ఫోటో అందుకుని, అప్పట్లో నాకు జుట్టుండేది అన్నాడు.

"పెద్దాయనా, నిజం చెప్పండి. చోటు మర్చిపోయారు కదూ?"

ముసలాయన ఫోటో తిరిగి ఆఫీసరు చేతిలో పెట్టాడు.

"బండి లేకపోతేనేం బాబూ, వాళ్ళ పేర్లు రాయించండి. ఆ బండి మాత్రం ఈ నీళ్ళమీద ఆన, ఇదిగో నా మనవరాలి మీద ఒట్టు, ఈ చెరువు దాటి ఎక్కడికీ పోలేదు."

"పిల్లమీద ఒట్లేంటి మామయ్యా," అని కోడలు విసుక్కుంది.

ఆ ఒట్టుకి ఆఫీసరు కరిగిపోయాడు. పైవాళ్ళతో పోట్లాడి మరీ ఖాళీ దిమ్మె మీద రాయి పెట్టించాడు. రెండు పేర్లు, వాటి కింద "వీరి బండి ఈ చెరువులోనే ఉంది" అని ఒక వాక్యం. ముసలాయన ఆ పేర్లని వేళ్ళతో తడిమి తడిమి చూసుకున్నాడు. ఆఫీసరు కళ్ళు తుడుచుకుని, జనంతో పాటు బస్సెక్కాడు.

రేవు ఖాళీ అయ్యాక ముసలాయన కోడల్నీ మనవరాలినీ ఎక్కించుకుని, పడవని ఆపకుండా దాని చక్రాల మీదే ఒడ్డెక్కించి ఇంటి వెనక షెడ్డులోకి తోలుకుపోయాడు.