సూది కింద గౌను

చీకటి పడ్డాక మెట్టుగూడలోని తన మిషన్ రిపేరు దుకాణంలో సైలస్ ఒక్కడే కూర్చుని ఒక పాత కుట్టు మిషన్ తుప్పు వదిలిస్తున్నాడు. దాని మీద బంగారు అక్షరాలతో ‘చాందినీ’ అని ఉంది. అడుగున నంబరు చూడగానే అది జపాన్‌లో తయారైందనీ, ఇక్కడి వ్యాపారి ఎవరో తన పేరు వేసి అమ్మాడనీ ఆయన పోల్చుకున్నాడు.

పొద్దున దాన్ని తెచ్చింది మారేడ్‌పల్లి కల్పలత. ఆమెకు తొమ్మిదో నెల. సూది కింద పసిపిల్లల గౌను ఒకటి సగంలో ఆగి ఉంది.

“గౌను తియ్యకుండ్రి అంకుల్. అమ్మ అది కుట్టుకుంటనే పోయింది. నాకు రెండుసార్లు కడుపు నిలువలే. జెర భయమైతుంది,” అని చెప్పి వెళ్లింది.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. చీకట్లో టక్, టక్‌మని సూది ఆడింది. చక్రాన్ని తిప్పే బెల్టును సాయంత్రమే తీసి గోడకు తగిలించాడు సైలస్. తడుముతూ చక్రం మీద చెయ్యి వేశాడు. అరచేతి కింద అది మెల్లగా తిరుగుతోంది. ఫోన్ లైటు వేశాడు. మిషన్‌కి దారమే లేదు. అయినా, ఇందాక విడిగా ఉన్న ఎడమ వైపు చేతి ముక్క గౌనుకు అతుక్కుంటోంది.

ఆయన గుమ్మం దాకా పరుగెత్తాడు. అంతలో ఫోన్ మోగింది.

“అంకుల్, నొప్పులు షురూ అయినయ్. ఆస్పత్రికి పోతున్నం. గౌను...” అన్నది కల్పలత.

సైలస్ వెనక్కి తిరిగి చూశాడు. ఏ తొందరా లేకుండా, ఎవరో ప్రేమగా కుడుతున్న చప్పుడు.

“తయారైతుంది బిడ్డా. పరేషాన్ గాకు. ధైర్యంగ పో.”

నూనె డబ్బా అందుకుని, కిర్రుమంటున్న చోట ఒక్క చుక్క వేశాడు. చప్పుడు మెత్తబడింది. సూది మాత్రం ఆగలేదు.