ప్లగ్గు రంధ్రంలో తాడు

“కిక్కు దిగట్లేదు. ఇంజను జామైపోనాది,” అంటూ ఝపటాపూర్ బజారులోని మెకానిక్ సింహాద్రి బైకు ప్లగ్గు విప్పాడు.

“ఎలాగైనా బాగుసెయ్యి సిన్నానా. వచ్చే నెల ఆయనొచ్చేస్తాడు,” అంది నీలవేణి, చంకలోని రెండేళ్ళు దాటిన పాపను సర్దుకుంటూ. రెండు నెలల పనంటూ భర్త గౌరీశు సూరత్ వెళ్ళి రెండేళ్ళయింది.

ప్లగ్గు రంధ్రంలో తాడు కొస కనిపించింది. సింహాద్రి లాగాడు. నూనె కారుతూ మూరలకొద్దీ తాడు బయటికొచ్చింది.

“తుప్పూ లేదు, గిప్పూ లేదు. ఈ తాడడ్డమై పిస్టను కదల్లేదు. మీ ఆయన ఏటి సేసీవోడు?”

“ఫిట్టరు. ఎల్లే ముందు రోజంతా దీని కాడే కూకున్నాడు.”

“అదీ సంగతి. ఏళ్ళ తరబడి వదిలేసే ఇంజనుకి మేవూ ఇలాగే సేస్తాం. నూనె తాగించి, ఎవులూ తిప్పకుండా అడ్డం పెట్టేస్తాం.”

“రెండు నెల్లకి కూడానా?”

సింహాద్రి తలెత్తలేదు. “రెండు నెల్లకైతే గుడ్డ కప్పి ఎల్తారమ్మీ.”

ప్లగ్గు బిగించి కిక్కు కొట్టాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

“ఆయనొచ్చి పట్టుకెల్తాడా?” శబ్దానికి మించి అరిచాడు సింహాద్రి.

నీలవేణి పాపను గుండెలకు అదుముకుంది.

“నడపడం నాకు నేర్పుతావా సిన్నానా?” అంది.