నీలం చొక్కాల బొంత

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. నేల మీద బొంత ముక్కలు పరుస్తున్న ఆల్మా, ఆమె ఆడపడుచు వెర్నా, పక్క పొలం ఒలీటా, కిటికీ దగ్గర నిలబడి పట్టీలు ఇస్త్రీ చేస్తున్న ఆల్మా కూతురు, పద్నాలుగేళ్ళ టెస్సీ. ఇంటాయన హార్లన్ పోయి మూడు వారాలైంది. ఆ నీలం ముక్కలన్నీ అతని చొక్కాలవే.

వెర్నాకు బొంత నచ్చలేదు. అంతా ఒకటే నీలమని, నాలుగు పూల గుడ్డ ముక్కలైనా కలపమని పొద్దుటి నుంచీ సాధిస్తోంది.

"రంగులతో పని లేదు వదినా. లేత, ముదురు ఉంటే చాలు. కళ్ళు చికిలించి చూడు," అంది ఆల్మా.

వెర్నా కళ్ళు చికిలించి చూసింది.

స్టీరింగు ఎడమ వైపుండే పాల కంపెనీ బండిని హార్లన్ ముప్పై ఏళ్ళు, ఎడమ మోచెయ్యి కిటికీ మీద ఆనించి నడిపాడు. ప్రతి చొక్కాకూ ఎడమ చెయ్యి ఎండకు వెలిసి తెల్లబడింది. కుడి చెయ్యి కొన్ననాటి నీలంలోనే ఉంది. ఆల్మా ఒక్కో గడికీ మధ్యలో ఎర్ర ముక్క పెట్టి, రెండు వైపులా వెలిసిన పట్టీలు, రెండు వైపులా వెలవని పట్టీలు వేసింది. గడుల లేత వైపులన్నీ లోపలికి తిప్పేసరికి, చీకటి గదిలో దీపం పెట్టినట్టు నడిమధ్య వెలుగొచ్చింది. ఎవరి బొంత చూసీ వేసింది కాదది. అది పూర్తయ్యేదాకా మంచమెక్కనని ఆమె కుర్చీలోనే పడుకుంటోంది.

"అయితే మా తమ్ముడు ముప్పై ఏళ్ళు బండి తోలింది నీ బొంత కోసమన్నమాట," అంది వెర్నా చివరికి.

ఆల్మా నవ్వింది. మూడు వారాల్లో అదే మొదటి నవ్వు.

మూల గడికి లేత పట్టీలు చాలలేదు. ఈ వేసవికి అతను కొత్తగా కొనుక్కుని తొడిగిన రెండు చొక్కాలు మిగిలి ఉంటే ఆల్మా తెచ్చి, ఒకదాని ఎడమ చెయ్యి కత్తిరించింది. అది ముదురుగా ఉంది. కుడి చెయ్యి చూసింది. అదే వెలిసింది. రెండో చొక్కా కూడా అంతే.

తిరగేసి పట్టుకున్నావేమో చూడమంది ఒలీటా. ఆల్మా గుండీల వైపు చూసింది. తిరగెయ్యలేదు.

"ఈ వేసవంతా వాడు పక్క సీట్లో కూర్చున్నాడు. బండి ఇంకెవరో నడిపారు," అంది వెర్నా.

ఆల్మా కూతురి వైపు తిరిగింది. సెలవుల్లో పొలాల గేట్లు తీయడానికి టెస్సీ తండ్రితో వెళ్ళేది. బండిలో ఎవరైనా ఎక్కేవారా అని అడిగింది.

"ఎవరూ ఎక్కలేదమ్మా. మేమిద్దరమే," అంది టెస్సీ, ఇస్త్రీ మీంచి తలెత్తకుండా.

"నువ్వు వెళ్ళని రోజులుండవా మరి?" అంది వెర్నా.

ఒలీటాకు ఆ మాట కష్టమనిపించింది. "కళ్ళు ఆనక ఎవరినో సాయం పిలుచుకుని ఉంటాడు. దానికింత ఆరా ఎందుకు?" అంది.

ఆల్మా కత్తెర కింద పెట్టింది. "ఆయన కళ్ళకేమైంది?"

ఒలీటా నాలుక కరుచుకుంది. ఇక దాచి లాభం లేక చెప్పింది. వసంతంలో అతను ఒలీటా పొలం గేటు కనిపించక రెండుసార్లు దాటి వెళ్ళిపోయాడట. అడిగితే చూపు మసకేస్తోందని, తెలిస్తే కంపెనీవాళ్ళు బండి లాక్కుంటారని, ఆల్మాకు చెప్పొద్దని బతిమాలాడట.

"చూపు తగ్గిన రోజే తాళాలు ఇచ్చేస్తానని నాకు మాటిచ్చాడు," అంది ఆల్మా. "నాకు చెప్పలేదు. నీకు చెప్పాడు."

"నేను ఆ బండి ముట్టుకోలేదు ఆల్మా."

ఆల్మా వినలేదు. ఒలీటా తెచ్చుకున్న సూదుల డబ్బా తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, తలుపు తెరిచి పట్టుకుంది.

ఒలీటా వరండాలోకి వెళ్ళి, వెనక్కి తిరిగింది. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ ముందుకు చాపింది. రెండూ ఒకే తెలుపు. "నడిపిన చెయ్యి ఇలా ఉంటుందా? నువ్వే చూడు."

ఆల్మా ఆ చేతులు చూడలేదు, మొహమే చూస్తోంది. ఒలీటా చూపు మాత్రం ఆమె భుజం మీదుగా లోపలికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

టెస్సీ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నల్ల గౌను చేతులు మోచేతుల దాకా మడుచుకుని నిలబడి ఉంది. కుడి చెయ్యి పిండిలా తెల్లగా ఉంది. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎండకు కమిలి, కాల్చిన రొట్టెలా ఉంది.

ఒలీటా ఆ పిల్ల నోరు విప్పుతుందేమోనని చూస్తూ నిలబడింది.

ఆల్మా తల తిప్పబోయింది. టెస్సీ గబుక్కున ఎడమ చేతి మడత విప్పి మణికట్టు దాకా లాక్కుంది.

ఆల్మా ఒలీటా మొహం మీదే తలుపు మూసేసింది.