శుక్రవారం బిందెలు

“వద్దు పాపా. ఈ బోరుకు రంగు వెయ్యొద్దు,” అని పుష్పమ్మ చేతిపంపుకు అడ్డం నిలబడింది.

అఫ్సానా ఒక చేత్తో ఎర్ర పెయింటు డబ్బా, ఇంకో చేత్తో బ్రష్షు పట్టుకొని ఎండలో చెమటలు కక్కుతూ ఉంది. మార్కాపురంలో డిగ్రీ చదివే పిల్ల. ఇంటర్న్‌షిప్ కింద కొనకనమిట్ల మండలంలో ఊరూరా తిరిగి బోరు నీళ్లు పరీక్ష చెయ్యడం ఆమె పని. మంచి నీళ్లున్న పంపుకు పచ్చ రంగు, ఫ్లోరైడు ఎక్కువున్న పంపుకు ఎర్ర రంగు. ఇప్పటికి ఎన్ని పంపులకు వేసిందో, మనసొప్పనిది మాత్రం ఈ ఒక్కదాని దగ్గరే. ఎట్లా ఒప్పుతుంది? గట్టు మీద సిమెంటులో రాసిన పేరు వాళ్లమ్మది. షాహిదాబీ.

షాహిదాబీ గాజుల గంప దించని ఇల్లు ఈ ఊళ్లో లేదు. ఆమె పోయినాక ఆమె పేరు మీద భర్త కరీముల్లా ఇక్కడ బోరు వేయించినాడు. పోయినోళ్ల పేరున నీళ్లిస్తే, బతికున్నోళ్లు తాగే ప్రతి గుక్కకూ అక్కడ వాళ్లకు పుణ్యం చేరుతుందని వాళ్ల నమ్మకం. ప్రతి శుక్రవారం నమాజు కాంగానే ఆయన టీవీఎస్ వేసుకొని వస్తాడు. తనే పంపు కొట్టి ఆడోళ్ల బిందెలు నింపుతాడు. ఎవరన్నా దోసిలి పట్టి తాగితే, “మీ వదినకు చేరిందమ్మా” అని మురిసిపోతాడు. భార్య పోయినాక ఆ మనిషి నవ్వేది వారంలో ఆ ఒక్కపూటే.

అట్లాంటి నీళ్లు సీసాలో పోసి మందు చుక్కలు వేస్తే, గులాబీ రంగు నిలవకుండా పసుపు పచ్చగా తిరిగినాయి. అఫ్సానా నమ్మలేక మళ్లీ పోసింది. మళ్లీ పసుపే, అంటే ఫ్లోరైడు ఎక్కువే. ఇంట్లో తండ్రికి చెప్పడానికి నోరు రాలేదు. నేను చెప్పలేను, ఆ రంగే చెప్పుకోనీ అనుకొని ఈ శుక్రవారం ఆయన కంటే ముందే వచ్చేసింది.

తీరా వస్తే పుష్పమ్మ మొండికేసింది. ఆమె వెనకాల ఇంకొందరు ఆడోళ్లు చేరినారు. ఎముకలు వంగిపోతాయని అఫ్సానా చెప్పింది, పిల్లల పళ్లు గారపడతాయని చెప్పింది, ఫోనులో ఫోటోలు చూపించింది. ఎవరూ కాదనలేదు, అట్లని పక్కకు జరగనూ లేదు. ఆ పిల్లకు ఒళ్లు మండింది. జనం తెలియక మారరు, తెలియజెప్పడమే మన పని అని ఇంటర్న్‌షిప్ మొదట్లోనే రాధిక మేడం చెప్పింది. చెప్పినా మారనోళ్లను ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

“నీకు తెలీదు పాపా. మీ నాయన వచ్చే వేళయింది. ఈ ఒక్కపూట ఆగు,” పుష్పమ్మ గొంతు తగ్గించి బతిమాలింది.

“తెలీనిది మీకత్తా. మా అమ్మీ పేరు పక్కన ఎర్ర రంగు వెయ్యడం నాకేమన్నా సరదానా?”

ఆ మాట అనేసరికి అఫ్సానా కండ్లలో నీళ్లు తిరిగినాయి. పుష్పమ్మ ఏదో అనబోయి, ఆ మొహం చూసి పక్కకు తప్పుకుంది.

అఫ్సానా రంగు వేసింది. పంపు పిడికి తుప్పు పట్టి బ్రష్షు సాఫీగా నడవలేదు. ఊరంతా నీళ్లు పట్టే పంపుకు ఇంత తుప్పేందని ఒక్క క్షణం అనిపించింది గానీ, ఏడుపులో ఆ సంగతి పట్టించుకోలేదు. అంతలో దూరంగా టీవీఎస్ చప్పుడు వినబడింది. ఆడోళ్లందరూ గబగబా ఇండ్లలోకి పోయి బిందెలు పట్టుకొని వచ్చినారు. ఇంత చెప్పినా మళ్లీ బిందెలేనా అని అఫ్సానా తల కొట్టుకుంది.

కరీముల్లా బండి దిగి, టోపీ సర్దుకుంటూ వచ్చి, పంపును చూసి ఆగిపోయినాడు.

“ఏంది బేటా ఈ ఎరుపు?”

అఫ్సానా తలొంచుకొని చెప్పింది. పంపులో వచ్చేవి తాగే నీళ్లు కాదని, ఏండ్ల తరబడి తాగితే నడుములు వంగిపోతాయని చెప్పింది. కరీముల్లా మొత్తం విని, గట్టు మీద భార్య పేరు పక్కన కూలబడినాడు.

“నా చేత్తోనే తాపిచ్చినా గదా,” అన్నాడు. “మీ అమ్మీకి పుణ్యం పంపుతున్నా అనుకున్నా బేటా. ఇంతమంది ఉసురు తెచ్చి ఆమె నెత్తిన పెట్టినా.”

అఫ్సానా పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. లేచి, ఖాళీ బిందెతో నిలబడిన పుష్పమ్మ కాళ్ల మీద పడబోయినాడు. అంత పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూడలేక ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

పుష్పమ్మ బిందె కింద పడేసి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“లెయ్యన్నా. మాకేం కాలా, మా పిల్లలకేం కాలా. మీ పాప కంటే ముందే, బోరు వేసిన కొత్తల్లోనే వేరేవాళ్లు వచ్చి ఈ నీళ్ల సంగతి చెప్పిపోయినారు. అప్పుడూ రంగు వేస్తామంటే మేమే వెయ్యనియ్యలేదు.”

కరీముల్లా తలెత్తి చూసినాడు. పుష్పమ్మ ఆ కండ్లలోకి చూడలేక మొహం తిప్పుకొని, ఊరంతా కడుపులో దాచుకున్న మాట బయటపెట్టింది.

“నీ బండి చప్పుడు వినబడితే కొనుక్కున్న వాటర్ క్యాన్లు మంచాల కిందికి తోసి బిందెలు తెచ్చేటోళ్లం. శుక్రవారం నీ ముందర తాగే ఆ గుక్కెడు తప్ప, వదిన నీళ్లు ఈ ఊళ్లో ఎవరం తాగలేదన్నా.”