కొండ మీద ఆస్పత్రి

ఆస్పత్రి కొండ మీద వద్దని మొదట అన్నది డెల్ఫీనే.

రేవులో దిగిన ఇద్దరు నావికులు మశూచితో పోయి మూడు వారాలైంది. పోర్ట్ వెరోన్ ఊరంతా వణికిపోతోంది. రోగం సోకినవాళ్లను విడిగా ఉంచడానికి ఆస్పత్రి కట్టాలని, చర్చి వెనక కొండే దానికి తగిన చోటని డాక్టర్ తిబొడో పట్టుబట్టాడు. చెక్క పలకలు కూడా తెప్పించాడు. ఆదివారం పూజ అయ్యాక ఊరి సభలో తేల్చాలి.

డెల్ఫీన్ నలుగురి బట్టలు ఉతికి కూతుర్ని పెంచుకుంటున్న వితంతువు. గట్టిగా మాట్లాడి ఎరగదు. అలాంటిది, అర్జీ రాసుకుని ఇల్లిల్లూ ఎక్కి దిగింది. కొండ మీది గాలి ఊళ్లోకే కొడుతుందని చెప్పింది. వాన పడితే అక్కడి నీళ్లు మన బావుల్లోకే దిగుతాయంది. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు వణికాయి. ఆ వణుకు చూసే చాలామంది సంతకం పెట్టారు. రాయడం రానివాళ్ల చెయ్యి పట్టుకుని తనే శిలువ గుర్తు పెట్టించింది.

చేపలు ఎండబెట్టే జెలీ మాత్రం సందేహించింది. “ఎందుకొదినా అంత భయం? ఆస్పత్రి ఉంటే మనకే మంచిది కదా?”

“మా అమ్మని అలాంటిదాంట్లోకే తీసుకుపోయారు జెలీ. నన్ను బండి దగ్గరికి కూడా రానివ్వలేదు. మళ్లీ మొహం చూళ్లేదు. ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలీదు.”

జెలీ సంతకం పెట్టి, ఆమెను కావలించుకుని ఏడ్చింది.

సభలో డాక్టర్ బతిమాలాడు. ఒక్క రోగి ఊళ్లో ఉండిపోయినా నెల తిరక్కుండా ప్రతి ఇంట్లో మంచం వేయాల్సి వస్తుందన్నాడు. అంత ముచ్చటగా ఉంటే మీ పెరట్లోనే కట్టుకోండి, మీ ఆవిడ వండి పెడుతుందని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

డాక్టర్ డెల్ఫీన్ వైపు తిరిగాడు. “నా మీద కోపమా అమ్మా?”

“లేదండీ. భయం.”

చేతులెత్తమన్నారు. డాక్టరూ చర్చి ఫాదరూ తప్ప అందరూ వద్దన్నారు. ఆ పలకలు పడవలు బాగుచేసేవాళ్లకు ఇచ్చేయాలని అక్కడే నిర్ణయమైపోయింది.

బయట ఆడవాళ్లు డెల్ఫీన్ చుట్టూ మూగారు. బుగ్గలు ముద్దుపెట్టుకున్నారు. జెలీ ఇంటిదాకా తోడొచ్చి, కాఫీ తాగి వెళ్తానంది. ఇల్లంతా ఉతకాల్సిన బట్టలేనని చెప్పి డెల్ఫీన్ ఆమెను గుమ్మంలోంచే పంపేసింది.

లోపల గడియ వేసి, వెనక గదిలోకి వెళ్లి, ఒళ్లంతా చీముపొక్కులతో మూలుగుతున్న కూతురి తల తొడ మీదికి తీసుకుని, “నిన్నింక ఎవరూ తీసుకుపోరు తల్లీ” అంది.