మూడేళ్ళ బస్తాలు

ఉపవాస కాలపు నలభై రోజులూ రోజుకో ఇంట్లో ప్రార్థన. ఆ సాయంత్రం సుల్తానాబాద్‌లో మా ఇంటి వంతు. ఎవరేం వదిలేశారో చెప్పమన్నారు పాస్టరు అయ్యగారు.

"నేను మటన్ బంజేసిన" అన్నాడు బాపు, మీసం దువ్వుతూ.

"నేను పొద్దుగూకేదాక నీళ్ళు ముట్ట అయ్యగారూ" అంది నన్ను కన్న అవ్వ.

"సూడుండ్రి! భక్తంటే గిట్లుండాలె" అన్నారు అయ్యగారు. బాపు మురిసిపోయాడు.

తర్వాత ప్రార్థన చేయాల్సింది నేను. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందరూ కళ్ళు మూసుకోగానే ఫోన్ తీసి, సంఘం వాట్సాప్ గ్రూపులో టైపు చేశాను.

అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివారు:

"ప్రభువా, నీ సమాధి రాయి మూడో దినానికే దొర్లింది. మా లెట్రిన్ల బాపు వెట్టిన సిమెంటు బస్తలు మూడేండ్లకు రాళ్ళయినయి గని దొర్లుతలేవు. అవ్వ చీకటైతెనే బయటికి పోతది. గందుకే పగలు నీళ్ళు తాగది. ఏడాది పొడుగూత గిదే ఉపాసం. ఆమెన్."

అందరి చూపూ బాపు వైపు తిరిగింది.

"ఈస్టరైనంక తీస్తనంటి గదనే" అని గొణిగాడు బాపు.

"ఏ యేటి ఈస్టరు?" అంది అవ్వ.

"పోరనికి నోరు లేదంటివి గద, రూబేనన్నా!" బాపు వైపు తిరిగిన అయ్యగారికి నవ్వు ఆగలేదు.

బాపు లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి నడిచాడు. చొక్కా చేతులు మడుస్తూ వెనకే అయ్యగారు. కాసేపటికి మొదటి బస్తా దొర్లిన చప్పుడు వినబడింది.

బయట ఇంకా ఎండ ఉంది. అవ్వ నా వైపు చూసింది.

"బిడ్డా, జర చెంబు నిండ నీళ్ళు తే."